బెంగళూరులో వంద డిగ్రీల దగ్గర మరిగినవి ఉప్పు నీళ్లు: శుద్ధ పదార్థం పాఠం మీద ఒక కేస్ స్టడీ

ఐదు జట్ల నోటు పుస్తకాలు చూస్తే మూడింట్లో "నీటి మరుగు స్థానం 100 డిగ్రీలు" అని ఉంది. ఆ సాయంత్రం ఐదు థర్మామీటర్లలో ఒక్కటి కూడా 98 దాటలేదు. కేసు అక్కడ మొదలైంది.

తరగతి బెంగళూరు తూర్పు వైపు ఒక అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లో, శనివారం సాయంత్రాలు. తొమ్మిదో తరగతి పిల్లలు 20 మంది, నలుగురేసి ఐదు జట్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు మీడియం. నాలుగు వారాలు, వారానికి రెండేసి గంటలు. పాఠం పదార్థం, మిశ్రమం, సమ్మేళనం, పరమాణువు. నిర్వచనాలన్నీ పిల్లలకు ముందే నోటికి వచ్చు. "శుద్ధ పదార్థానికి స్థిరమైన మరుగు స్థానం ఉంటుంది" అని తడబడకుండా చెప్తారు. ఆ వాక్యంలో "స్థిరమైన" అంటే ఏమిటి, దేన్ని బట్టి స్థిరం అని అడిగితే మాత్రం మౌనం. అందుకే నాలుగు వారాలూ ఆ ఒక్క మాట చుట్టూ, నీళ్లతోనే నడిచాయి.

మొదటి వారం: ఎసరు ఎంత దగ్గర నిలబడుతుంది

ఒక్కో జట్టుకు 250 మి.లీ. బోరోసిలికేట్ బీకరు, అందులో 200 మి.లీ. ఆర్‌ఓ నీళ్లు, ఎలక్ట్రిక్ హాట్ ప్లేటు, స్టాండు, బిగింపు, −10 నుంచి 110 వరకు డిగ్రీ డిగ్రీకి గీతలున్న ఎర్ర స్పిరిట్ థర్మామీటర్. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు. దాని కొలత 42 దగ్గరే అయిపోతుంది, వేడి నీళ్లలో పెడితే పగులుతుంది. ఇండక్షన్ స్టవ్ మీద గాజు బీకరు వేడెక్కదు. స్పిరిట్ దీపం సరిపోదు: 200 మి.లీ. నీళ్లను 25 నుంచి 97కు తేవడానికి సుమారు 60 కిలోజౌళ్లు కావాలి, చిన్న దీపం మీద అది తేలేసరికి పిల్లల ధ్యాస ఎటో పోతుంది.

థర్మామీటర్ బుడ్డి నీళ్ల మధ్యలో వేలాడాలి. అడుగున ఆనితే ప్లేటు వేడి కలిసి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. కొత్త బీకర్లలో నీళ్లు మరుగు స్థానం దాటి వేడెక్కి, ఒక్కసారిగా ఎగిరి పడతాయి. పగిలిన కప్పు పింగాణీ ముక్కలు మూడో నాలుగో వేస్తే వాటి గరుకు అంచుల దగ్గర బుడగలు నెమ్మదిగా పుడతాయి. ముక్కలు చల్లటి నీళ్లలోనే వేయాలి. వేడెక్కాక వేస్తే ఆ క్షణమే పొంగి చేతి మీదికి వస్తుంది.

ప్రతి 30 సెకన్లకు ఒక రీడింగు. 55 దగ్గర బీకరు గోడలకు చిన్న చిన్న బుడగలు పట్టాయి. రెండు జట్లు "మరగడం మొదలైంది" అని రాసేశాయి. అది నీళ్లలో కరిగిన గాలి. వేడి పెరిగే కొద్దీ గాలి నీళ్లలో తక్కువ కరుగుతుంది కాబట్టి బయటికి వస్తోంది. ఇక్కడ తెలుగు బాగా పనికొచ్చింది. కాగడం వేరు, మరగడం వేరు. స్నానానికి నీళ్లు కాగితే చాలు, బియ్యం పోయడానికి ఎసరు మరగాలి. ఆ తేడా ఇంట్లో వింటున్నదే. "ఇవి కాగుతున్నాయా, మరుగుతున్నాయా" అన్న ప్రశ్నకు పిల్లలు తామే సరిదిద్దుకున్నారు.

97 దగ్గర గీత కదలడం మానేసింది. ఒక జట్టు మీట పూర్తిగా తిప్పింది. మరుగు ఉధృతమైంది తప్ప ఉష్ణోగ్రత పెరగలేదు. పావుగంటలో నీటి మట్టం 200 గీత నుంచి 140 దగ్గరికి దిగింది, థర్మామీటర్ ఉన్న చోటే ఉంది. వేడి ఎక్కడికి పోతోందో లెక్క చెప్తుంది: ఒక గ్రాము నీళ్లను ఒక డిగ్రీ పెంచడానికి 4.2 జౌళ్లు చాలు, అదే గ్రామును ఆవిరి చేయడానికి సుమారు 2,260 కావాలి. 200 మి.లీ. మొత్తం ఆవిరి కావడానికి 450 కిలోజౌళ్ల పైమాటే, అంటే అంతకుముందు కాచడానికి పట్టిన దానికి ఏడు రెట్లకు పైగా. అందుకే గ్రాఫులో అడ్డంగా సాగే ఆ గీత అంత పొడవు.

రీడింగులు ఇవి: 97, 97, 98, 96, 96.5. 98 వచ్చిన జట్టు, వందకు తామే దగ్గర అని సంబరపడింది. ముందు థర్మామీటర్లను పరీక్షించాలి. ఆర్‌ఓ నీళ్లతో చేసిన ఐసును నలగ్గొట్టి, కాసిన్ని చల్లటి నీళ్లు పోసి, కలుపుతూ ఐదు నిమిషాలు ఉంచితే అది సున్నా. సముద్రం ఒడ్డున అయినా, కొండ మీద అయినా మన కొలతకు సున్నాయే. మూడో జట్టు థర్మామీటర్ అక్కడ +1 చూపింది, నాలుగోది −1. సరిచేస్తే నాలుగు జట్లవి 97, ఒకరిది 96.5. సంబరపడిన రీడింగు నిజానికి చెడిన థర్మామీటర్‌ది. సున్నా దగ్గరి తప్పు 97 దగ్గర కూడా అంతే ఉంటుందన్న హామీ లేదు గానీ, ఈ స్థాయికి ఆ సవరణ చాలు.

కారణం ఊరి ఎత్తు. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. పైన మోయాల్సిన గాలి అంత మేర తగ్గింది. గాలి పీడనం కొలిచే గొట్టంలో సముద్ర మట్టం దగ్గర పాదరసం 760 మి.మీ. నిలిస్తే ఇక్కడ 680 దగ్గర నిలుస్తుంది. లోపలి ఆవిరి పీడనం బయటి గాలి పీడనంతో సమానమైనప్పుడే నీళ్లు మరుగుతాయి. బయట ఒత్తిడి తక్కువైతే ముందే సమానమవుతుంది. లెక్క వేస్తే 96.9 వస్తుంది. ఉజ్జాయింపుగా ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తు పెట్టుకుంటే చాలు: హైదరాబాద్‌లో 98, నంది కొండ మీద 95, చెన్నైలోనూ నెల్లూరులోనూ 100. తన పేరున్న కొలమానాన్ని 1742లో ప్రతిపాదించిన ఆండర్స్ సెల్సియస్‌కు కూడా మరుగు స్థానం గాలి పీడనంతో మారుతుందని తెలుసు. ఆ పీడనం చెప్పకుండా వంద అనడం తర్వాతి కాలపు బద్ధకం.

రెండో జట్టు థర్మామీటర్ సెలవుల్లో చెన్నైలో బంధువుల ఇంటికి వెళ్లింది. గరిటె కాడకు దారంతో కట్టి, స్టీలు గిన్నె అడుగుకు తగలకుండా వేలాడదీస్తే 100 చూపింది. అదే థర్మామీటర్, మూడు డిగ్రీల తేడా. వేరే వేరే థర్మామీటర్లతో ఈ పోలికకు విలువ లేదు. ప్రయాణంలో ఒక చిక్కు వస్తుంది: పడుకోబెట్టి మోస్తే స్పిరిట్ గీత మధ్యలో తెగుతుంది, తెగిన ముక్క పైన ఉండిపోయి రీడింగు తక్కువ వస్తుంది. బుడ్డిని ఉప్పు కలిపిన ఐసులో నిలబెట్టి, మెల్లగా తడితే మళ్లీ అతుక్కుంటుంది.

రెండో వారం: కోరుకున్న వంద వచ్చింది

ఈసారి 200 మి.లీ. నీళ్లలో 35 గ్రాముల ఉప్పు. ప్యాకెట్టు ఉప్పు కలిపితే నీళ్లు కాస్త మసకగా కనిపిస్తాయి, గడ్డ కట్టకుండా కలిపే పొడి వల్ల. దానితో ఈ ప్రయోగానికి ఇబ్బంది లేదు. కళ్లద్దాలు తప్పనిసరి, మరిగే ఉప్పునీళ్లు చిందుతాయి.

మరగడం మొదలైనప్పుడు థర్మామీటర్ 100 చూపింది. "సార్, ఇప్పుడు కరెక్ట్ వచ్చింది!" అని ఒక జట్టు కేక వేసింది. 35 గ్రాములు ఎంచుకున్నది ఈ మాట రావాలనే. కిలో నీళ్లలో 58.5 గ్రాముల ఉప్పు కరిగితే మరుగు స్థానం సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. 200 మి.లీ.లో 35 గ్రాములంటే ఆ గాఢతకు మూడు రెట్లు. 97కు మూడు కలిస్తే 100. బెంగళూరులో పాఠ్యపుస్తకం చెప్పిన అంకె దగ్గర మరిగేది ఉప్పునీళ్లన్నమాట. అంకె ఒక్కదాన్నే చూసి శుద్ధ పదార్థం అని ముద్ర వేస్తే ఇక్కడ మిశ్రమానికి ముద్ర పడుతుంది, అసలు నీళ్లు ఫెయిలవుతాయి.

(వంటింటి ప్రశ్న వెంటనే వచ్చింది: ఎసట్లో ఉప్పు వేస్తే అన్నం త్వరగా ఉడుకుతుందా? లీటరు నీళ్లకు ఐదు గ్రాములు వేస్తే పెరిగేది డిగ్రీలో పదో వంతు కూడా కాదు. రుచికే పనికొస్తుంది.)

మరిగిస్తూ పోతే తేడా బయటపడింది. 150 మి.లీ. మిగిలినప్పుడు 101 దాటింది, 100 మి.లీ.కి వచ్చేసరికి 104 దాటింది. ఉప్పు పోవడం లేదు, నీళ్లే పోతున్నాయి. మిగిలిన ద్రావణం క్షణక్షణానికీ చిక్కనవుతోంది, అందుకే మరుగు స్థానం పాకుతూ పోతోంది. మొదటి వారం గ్రాఫు పక్కన పెడితే ఒకటి చదును, ఒకటి ఏటవాలు. "స్థిరమైన" అన్న మాటకు పిల్లలు మొదటిసారి బొమ్మ చూశారు.

ఇక్కడితో ఆపితే పాఠం సాఫీగా ఉంటుంది. చాలా తరగతులు ఇక్కడే ఆపుతాయి కూడా. కానీ ఒక జట్టు బీకరును వెంటనే దింపలేదు. నీళ్లు 90 మి.లీ. దిగువకు వచ్చాక అడుగున ఉప్పు పొడి రాలడం మొదలైంది, థర్మామీటర్ 105 దాటి మళ్లీ నిలబడిపోయింది. మిశ్రమమే, అయినా గీత చదును! పిల్లల అభ్యంతరం న్యాయమైనది, దాన్ని దాటవేయకూడదు. ఆ దశలో ద్రావణం సంతృప్తమైంది, అంటే ఇక ఎక్కువ ఉప్పును కరిగించుకోలేదు. పది గ్రాముల నీళ్లు ఆవిరైతే వాటిలో ఇమిడిన నాలుగు గ్రాముల ఉప్పు అడుగుకు చేరుతుంది. మిగిలిన ద్రావణంలో ఉప్పు-నీళ్ల నిష్పత్తి మారదు, నిష్పత్తి మారకపోతే మరుగు స్థానమూ మారదు. అంటే చదును గీత శుద్ధ పదార్థానికి గుర్తే గానీ, దానికి మాత్రమే గుర్తు కాదు. కంటి ముందు గట్టి పదార్థం రాలుతుంటే అది ఒక్క పదార్థం కాదని వేరే రుజువు అక్కర్లేదు. ఈ దశను కొద్దిసేపే చూపాలి: అడుగున పేరుకున్న ఉప్పు కింద వేడి చిక్కుకుని ద్రావణం దబ్బున ఎగురుతుంది, బీకరు చిట్లవచ్చు.

అదే జట్టు మరో చిక్కు తెచ్చింది. వాళ్ల రీడింగు ఒక దశలో హఠాత్తుగా 103 నుంచి 97కు పడిపోయింది. నీళ్లు తగ్గి బుడ్డి ద్రావణం పైకి తేలింది. పైన ఉన్నది ఆవిరి. అది చల్లటి గాజు మీద నీళ్లుగా మారుతూ నీళ్ల మరుగు స్థానాన్నే చూపిస్తుంది. ద్రావణం ఎంత ఉప్పుదైనా, పైకి లేచేది నీళ్లు మాత్రమే. పొరపాటున దొరికిన ఈ రీడింగు స్వేదనం ఎందుకు పనిచేస్తుందో ఏ బొమ్మకన్నా బాగా చెప్పింది. ఆవిరికి అడ్డంగా ఐసు పెట్టిన స్టీలు మూత ఏటవాలుగా పట్టి, కారిన చుక్కలను గ్లాసులోకి పట్టారు. నీళ్లలో కరిగిన పదార్థాలను అంచనా కట్టే టీడీఎస్ మీటరు వాటిలో ఒకే అంకె ఉన్న సంఖ్య చూపింది, బీకరులో మిగిలినది మీటరు పరిధినే దాటిపోయింది.

బుడగల్లో ఏముందని ఆ రోజే అడిగారు. ఏడుగురు "గాలి" అన్నారు, ఐదుగురు "హైడ్రోజన్, ఆక్సిజన్" అన్నారు. మూతకు తగిలి మళ్లీ నీళ్లే కారాయి కాబట్టి రెండూ కావు. మరిగినంత మాత్రాన నీటి అణువు విరగదు, అణువుకూ అణువుకూ మధ్య ఎడం పెరుగుతుంది, అంతే.

మూడో వారం: థర్మామీటర్ కళ్లకు ఆనని మలినం

నాలుగు రకాల నీళ్లు: కావేరి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఆర్‌ఓ నీళ్లు, బ్యాటరీల్లో పోసే స్వేదనజలం. నాలుగూ 97 దగ్గరే మరిగాయి. బోరు నీళ్లు చదును గీతే గీశాయి. పిల్లలు అయోమయంలో పడ్డారు, పడాలి కూడా.

ఇళ్లలో బోరు నీళ్లను "ఉప్పు నీళ్లు" అంటారు. బకెట్ల మీద తెల్లటి పొర కడతాయి, గీజరు రాడ్డుకు గార పడుతుంది. అంత ఉప్పుంటే థర్మామీటర్ ఎందుకు పట్టుకోలేదు? మోతాదు వల్ల. ఆ బోరు నీళ్లకు టీడీఎస్ మీటరు 860 చూపింది, అంటే లీటరుకు ఉజ్జాయింపుగా 0.86 గ్రాములు. మన ఉప్పునీళ్లలో లీటరుకు 175 గ్రాములు. అది మూడు డిగ్రీలు పెంచితే ఇది డిగ్రీలో నూటికి ఒకటి రెండు వంతులే పెంచుతుంది. డిగ్రీ గీతల థర్మామీటర్‌కు అది కనబడదు.

కాబట్టి ఆరబెట్టి చూడాలి. 0.01 గ్రా. వరకు తూచే చిన్న ఎలక్ట్రానిక్ తూకం, బరువు చూసిన పలుచటి గాజు గిన్నె. ఒక్కో రకం 100 మి.లీ.ని కొంచెం కొంచెంగా పోస్తూ, మరిగే నీళ్ల గిన్నె మీద ఆవిరి వేడికి ఆరబెట్టాలి. నేరుగా మంట మీద పెడితే చివరి చుక్కలు చిటచిటలాడి పొడి బయటికి ఎగిరిపోతుంది, తూకం తప్పుతుంది. గిన్నె వేడిగా ఉండగా తూచకూడదు, పైకి లేచే వేడి గాలి అంకెను కదిలిస్తుంది. అడుగు తుడిచి, చల్లారాక తూచాలి.

స్వేదనజలం గిన్నెలో కంటికి ఏమీ లేదు. ఆర్‌ఓలో ఒక పలుచటి వలయం, తూకానికి అందనిది. కావేరి నీళ్లలో స్పష్టమైన తెల్లటి వలయం. బోరు నీళ్లలో గోకితే వచ్చేంత పొడి, 0.07 గ్రాములు. 860 లెక్కన 0.086 రావాలి కదా అని అడిగారు. రెండు కారణాలున్నాయి. మీటరు తూచదు: నీళ్లు కరెంటును ఎంత పారనిస్తాయో చూసి అంచనా కడుతుంది. రెండోది అసలైన రసాయన మార్పు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా బైకార్బనేటు రూపంలో ఉంటుంది. వేడికి అది విడిపోయి కాల్షియం కార్బనేటు అడుగున మిగులుతుంది, కార్బన్ డయాక్సైడూ నీరూ ఎగిరిపోతాయి. బైకార్బనేటు బరువులో దాదాపు సగం అలా పోతుంది. గీజరు రాడ్డు మీద గార కూడా ఇదే.

పొడి మీద వెనిగర్ చుక్క వేస్తే నురగ వచ్చింది. వంట ఉప్పు మీద వేస్తే రాలేదు. "ఉప్పు నీళ్లు" అన్న మాటలోని ఉప్పు మన వంట ఉప్పు ఒక్కటే కాదని అలా తేలింది. రసాయన శాస్త్రంలో లవణం అనేది ఒక కుటుంబం, సోడియం క్లోరైడ్ అందులో ఒకరు.

మీటరు మీద అతి నమ్మకం కూడా ఇక్కడే వదిలించాలి. గ్లాసు ఆర్‌ఓ నీళ్లలో రెండు చెంచాల పంచదార కలిపి పెడితే మీటరు అంకె దాదాపు కదల్లేదు. పంచదార అణువులకు విద్యుదావేశం లేదు, వాటిని చూసే కన్ను మీటరుకు లేదు. ఆరబెడితే పాకం మిగులుతుంది.

ఆ రోజు చర్చలో ఎక్కువ సేపు పట్టింది "శుద్ధ" అన్న మాట మీద. క్యాన్ల మీద "శుద్ధ జలం" అని ఉంటుంది. అక్కడ శుద్ధి అంటే తాగడానికి యోగ్యం అని. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగే నీళ్లలో కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే వనరు లేకపోతే 2,000 వరకు అనుమతిస్తారు. రసాయన శాస్త్రంలో శుద్ధం అంటే ఒకే పదార్థం, తాగొచ్చా లేదా అన్నది దాని ప్రశ్న కాదు. ఉప్పులేని స్వేదనజలం రుచికి చప్పన, కావేరి నీళ్లు రుచికి బాగుంటాయి, మిశ్రమం కాబట్టే. "శుద్ధ" బదులు "ఒకే రకం అణువులున్న" అని రాయమంటే ఆ వారం నుంచి తప్పులు తగ్గాయి. ఉప్పు దగ్గర ఆ మాటకు కూడా సవరణ కావాల్సి వచ్చింది, ఎందుకంటే ఉప్పులో అణువులు లేవు. అది నాలుగో వారం పని.

నాలుగో వారం: థర్మామీటర్‌తో లెక్కపెట్టడం

పరమాణువును చూపించలేం. లెక్క పెట్టవచ్చు. 35 గ్రాముల ఉప్పు మూడు డిగ్రీలు పెంచింది. 35 గ్రాముల పంచదార ఎంత పెంచుతుంది? అందరూ మూడు అన్నారు. 97 కదల్లేదు. లెక్క ప్రకారం పెరుగుదల డిగ్రీలో పావు వంతు, అది గీతల మధ్య కలిసిపోతుంది.

బరువు సమానమే, ఫలితం లేదు. అయితే సమానంగా ఉండాల్సింది ఏది? పరమాణు భారాలు బోర్డు మీదికి వచ్చాయి. సోడియం 23, క్లోరిన్ 35.5, కలిపితే ఒక ఉప్పు జత 58.5. పంచదారలో కార్బన్లు 12, హైడ్రోజన్లు 22, ఆక్సిజన్లు 11: 144, 22, 176, మొత్తం 342. ఒక్కో పంచదార అణువు ఉప్పు జత కంటే దాదాపు ఆరు రెట్లు బరువు. పెద్ద గుమ్మడికాయలూ నిమ్మకాయలూ కిలో లెక్కన తూస్తే సంఖ్య సమానం కానట్టే ఇదీ. 35 గ్రాముల ఉప్పులో ఎన్ని జతలున్నాయో అన్ని పంచదార అణువులు కావాలంటే 205 గ్రాముల పంచదార కావాలి.

205 గ్రాములు 200 మి.లీ.లో వేసి మరిగించారు. దీనికి 500 మి.లీ. బీకరు కావాలి, పాకం పొంగుతుంది. ప్లేటు మధ్యస్థంగా ఉంచి, కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగు మాడుతుంది. పాకం చేతి మీద పడితే అంటుకుపోయి లోతుగా కాలుస్తుంది కాబట్టి ఈ ఒక్కటి పెద్దవాళ్లే చేశారు. మరిగీ మరగగానే రీడింగు తీయాలి, ఆలస్యమైతే చిక్కబడి పెరుగుతూ పోతుంది. థర్మామీటర్ 99కి కొద్దిగా దిగువన నిలిచింది. పెరుగుదల రెండు డిగ్రీల లోపు.

సంఖ్య సమానం చేసినా ఉప్పు మూడు పెంచింది, పంచదార రెండు లోపు. ఇదే ఈ నాలుగు వారాల్లో అత్యంత విలువైన తేడా. ఉప్పు జత నీళ్లలో జతగా ఉండదు. విద్యుదావేశమున్న కణాలుగా, అంటే అయాన్లుగా, విడిపోతుంది: సోడియం అయాన్ ఒక దారి, క్లోరైడ్ అయాన్ ఒక దారి. ఒక జతకు రెండు కణాలు లెక్క. పంచదార అణువు అణువుగానే ఉంటుంది. అందుకే ఉప్పుకు రెట్టింపు. లవణాలు కరిగినప్పుడు లెక్కకు మించి ప్రభావం చూపడం 19వ శతాబ్దం చివర్లో రసాయనవేత్తలను వేధించింది. కరిగిన లవణం అయాన్లుగా విడిపోతుందని స్వాంటే ఆరీనియస్ వాదించినప్పుడు ఆయనకు దన్నుగా నిలిచిన రుజువుల్లో ఇదొకటి. 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. టీడీఎస్ మీటరు ఉప్పును చూడగలిగి పంచదారను చూడలేకపోయిందీ ఇందుకే.

కచ్చితమైన సగం 1.5 రావాలి, వచ్చింది 1.8 దగ్గర. పిల్లలు అది పొరపాటు అనుకున్నారు. కాదు. అంత చిక్కటి పాకంలో పంచదార అణువులు చాలా నీళ్లను తమకు అంటిపెట్టుకుంటాయి, స్వేచ్ఛగా మిగిలే నీళ్లు తగ్గుతాయి, ద్రావణం ఇంకా చిక్కగా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. సాధారణ సూత్రం పలుచటి ద్రావణాలకే నమ్మదగింది. వచ్చిన అంకెను 1.5కు దిద్దుకోనివ్వకూడదు. మొదటి వారం 97ను 100 చేసిన అలవాటు మళ్లీ తలెత్తేది ఇక్కడే.

చివరి అరగంట విద్యుద్విశ్లేషణం. 200 మి.లీ. నీళ్లలో 5 గ్రాముల చాకలి సోడా, 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిల్ గ్రాఫైట్ కడ్డీలు, వాటి మీద నీళ్లతో నింపి బోర్లించిన చిన్న పరీక్ష నాళికలు. సోడా బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వాయువు వస్తుంది. స్టీలు మేకులూ వద్దు, వాటిలోని క్రోమియం విషపు రూపంలో నీళ్లలోకి దిగవచ్చు. హైడ్రోజన్ చేరిన నాళికలో వాయువు, ఆక్సిజన్ చేరిన దానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువ వచ్చింది: ఆక్సిజన్ కొంత నీళ్లలో కరుగుతుంది, కొంత గ్రాఫైట్‌నే తింటుంది. మరిగించినా, ఆరబెట్టినా, స్వేదనం చేసినా విడిపోని నీళ్లు కరెంటుకు విడిపోయాయి. మిశ్రమానికీ సమ్మేళనానికీ ఉన్న గీత అక్కడ కనిపించింది. నికల్సన్, కార్లైల్ 1800లో నీళ్లను ఇలా విడగొట్టారు. ఆ తర్వాత కూడా డాల్టన్ నీటిలో ఒక హైడ్రోజన్‌కు ఒక ఆక్సిజన్ అనే నమ్మాడు. బరువుల నిష్పత్తి చేతిలో ఉన్నా, సంఖ్యల నిష్పత్తి తేలడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. కాబట్టి పిల్లలకు బరువుకూ సంఖ్యకూ మధ్య తికమక వస్తే కంగారు పడనక్కర్లేదు.

మళ్లీ ఇదే తరగతి పెడితే మార్చాల్సింది ఒక్కటే. అర డిగ్రీ గీతలున్న థర్మామీటర్లు తేవాలి, అప్పుడు రీడింగుల మీద వాదనలు సగం తగ్గుతాయి. ఐసు పరీక్షను మరిగించిన తర్వాత కాకుండా ముందే చేయించాలన్న సలహా వచ్చింది, దానికి మాత్రం ఒప్పుకోవడం కష్టం. 98 వచ్చిన జట్టు ముఖాలు థర్మామీటర్ పరీక్ష తర్వాత మారిన తీరు, ముందే పరీక్ష చేస్తే దొరకదు.

తల్లిదండ్రులు అడిగింది ఒక్కటే: పరీక్షలో 97 రాస్తే మార్కులు పోవా? పరీక్షలో "760 మి.మీ. పాదరస పీడనం వద్ద 100 డిగ్రీల సెల్సియస్" అని రాయాలి. అది పుస్తకానికీ సరిపోతుంది, నిజానికీ సరిపోతుంది. ప్రయోగ నోటు పుస్తకంలో ఇప్పుడు ఐదు జట్లూ ఈ తీరులో రాస్తున్నాయి, ఇది మూడో జట్టుది: "ఆర్‌ఓ నీళ్లు, 97 డిగ్రీలు, బెంగళూరు, థర్మామీటర్ సవరణ −1, గీత చదును, ఆరబెడితే పలుచటి వలయం."